అరువు లోగో, చాంతాడంత క్యూ

న్యూయార్క్‌లో సుప్రీమ్ అనే బట్టల దుకాణం పెట్టిన జేమ్స్ జెబియా స్కేటర్ కాదు. స్కేట్‌బోర్డు కుర్రాళ్లు వేసుకునే బట్టలంటే, చిన్నప్పటి నుంచి ఆ బోర్డు మీద పడి లేచి మోకాళ్లు చెక్కుకుపోయినవాడెవడో మొదలెట్టి ఉంటాడనుకుంటాం. జెబియాకు ఉన్నది బట్టల పిచ్చి. అమెరికాలో పుట్టి, ఇంగ్లండ్‌లో లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాలీ అనే ఊళ్లో పెరిగాడు. కుర్రతనంలో డ్యురాసెల్ బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే లండన్ వెళ్లి బట్టలు కొనుక్కొచ్చేవాడు. 1983లో న్యూయార్క్ చేరేనాటికి 19 ఏళ్లు. ఆ తర్వాత పదకొండేళ్లకు ఆయన తెరిచిన చిన్న షాపును 2020లో ఒక పెద్ద కంపెనీ 210 కోట్ల డాలర్లిచ్చి కొనుక్కుంది. ఈ కథంతా తిరగేస్తే, ఇందులో ఆయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదనిపిస్తుంది. ఆట వేరేవాళ్లది, లోగో పద్ధతి వేరేవాళ్లది, టీ షర్టు మీది బొమ్మా చాలాసార్లు వేరేవాళ్లదే. ఏది తెచ్చుకోవాలో తెలిసిన కన్ను, ఎంత అమ్మి ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి మాత్రం ఆయనవి.

ముందు ఆట సంగతి చెప్పుకోవాలి. మనకు స్కేటింగ్ అంటే బూట్ల కింద చక్రాలు, సాయంత్రంపూట రింకులో గుండ్రంగా తిరిగే పిల్లలు, గోడవతల కూర్చున్న తల్లిదండ్రులు. స్కేట్‌బోర్డు వేరు. ఏడు పొరల మేపుల్ చెక్కను అంటించి వంచిన, రెండున్నర అడుగుల పైచిలుకు పొడవున్న పలక, దాని కింద నాలుగు చక్రాలు. కాళ్లకు కట్టుకునేదేమీ ఉండదు. అలలు లేని రోజుల్లో పొద్దుపోక కాలిఫోర్నియా సర్ఫర్లు మొదలుపెట్టిన ఆట ఇది. మట్టి చక్రాల కాలంలో చిన్న రాయి అడ్డొచ్చినా మనిషి ఎగిరి అవతల పడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ చక్రాలు తెచ్చాక బోర్డు రోడ్డును పట్టుకోవడం నేర్చింది. 1976-77లో కాలిఫోర్నియాలో వానల్లేక ఇళ్ల వెనక ఈత కొలనులు ఎండిపోయాయి. శాంటా మోనికా, వెనిస్ ప్రాంతాల కుర్రాళ్లు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో బోర్డులు నడిపారు. టోనీ ఆల్వా, స్టేసీ పెరాల్టా, జే ఆడమ్స్ అప్పటి పేర్లే.

కొలనుల ఆట కొలనుల్లోనే ఉండిపోతే న్యూయార్క్‌లో సుప్రీమ్ పుట్టేది కాదు. ఫ్లోరిడా కుర్రాడు అలన్ గెల్‌ఫాండ్ 1970ల చివర చేతులతో పట్టుకోకుండానే బోర్డుతో సహా గాల్లోకి లేచే కిటుకు పట్టాడు. దాన్ని ఓలీ అన్నారు. రాడ్నీ మల్లెన్ దాన్ని చదునైన నేల మీద చేసి చూపించాడు. ఇక ర్యాంపు అక్కర్లేదు, కొలను అక్కర్లేదు. మెట్లు, రెయిలింగులు, పార్కు బెంచీలు, బ్యాంకుల ముందరి అరుగులు అన్నీ ఆటస్థలాలయ్యాయి. ఆట నగరంలోకి వచ్చింది. దాంతోపాటు వాచ్‌మన్లూ పోలీసులూ వచ్చారు. స్కేటర్ల మాటతీరులోని మొండితనం సగం ఆ తరిమివేతల వల్ల వచ్చిందే అంటాను.

న్యూయార్క్ స్కేటర్లు బ్రూక్లిన్ వంతెన కింది ఇటుక దిబ్బల మీద, ఆస్టర్ ప్లేస్‌లో నల్ల ఘనం బొమ్మ చుట్టూ తిరిగేవాళ్లు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, పోర్టోరికో కుటుంబాలవాళ్లు, ఇంట్లో ఉండలేక బయటికొచ్చేసినవాళ్లు అందరూ కలిసే. 1990ల మొదట్లో దేశమంతా స్కేట్‌బోర్డు వ్యాపారం పడిపోయి ఉంది. కంపెనీలు పదమూడేళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని నాసిరకం టీ షర్టులు అచ్చేస్తున్నాయి. న్యూయార్క్‌లో బోర్డెక్కే ఇరవయ్యేళ్ల వాళ్లు వాటిని తొడిగేవాళ్లు కాదు. కార్‌హార్ట్ కంపెనీ కూలీల జాకెట్టు, లీవైస్ ప్యాంటు, ఎక్కడో సంపాదించిన పోలో చొక్కా, ఇవీ వాళ్ల బట్టలు. సిమెంటు మీద పడ్డప్పుడు చినగకూడదు, క్లబ్బు గుమ్మం దగ్గర పరువు పోకూడదు. ఈ రెండూ తీర్చే బట్ట స్కేట్ షాపుల్లో దొరకడం లేదని కనిపెట్టింది జెబియా కన్నే.

ఆ కన్ను ఊరికే రాలేదు. న్యూయార్క్‌లో దిగాక సోహోలో పారాచూట్ అనే బట్టల దుకాణంలో పనిచేశాడు. వూస్టర్ స్ట్రీట్ సంతలో బల్ల వేసుకుని అమ్మాడు. 1989లో యూనియన్ అనే షాపు తెరిచాడు. ఇంగ్లండ్ నుంచి తెప్పించిన సరుకుతోపాటు అక్కడ ఆయన అమ్మినవాటిలో స్టూసీ ఒకటి. షాన్ స్టూసీ కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చెక్కే మనిషి. బోర్డు మీద గిలికే సంతకాన్నే టీ షర్టుల మీద వేసి అమ్మితే బోర్డుల కన్నా అవే ఎక్కువ పోయాయి. సంతకం ఒక్కటుంటే చాలు, బట్టకు విలువ దానంతట అదే వస్తుందన్న పాఠం స్ట్రీట్‌వేర్ అనే ఈ వీధి ఫ్యాషన్‌కు అక్కడే మొదలైంది. 1991లో స్టూసీ న్యూయార్క్ షాపు పెట్టినప్పుడు దాన్ని నడిపింది జెబియానే. కొన్నాళ్లకు స్టూసీ తన కంపెనీ నుంచే తప్పుకోవాలని చూస్తున్నాడని తెలిసింది. ఇంకొకరి సంతకం మీద ఆధారపడ్డ దుకాణదారుకు అంతకన్నా పెద్ద దిగులు ఏముంటుంది? ఆ దిగులే సుప్రీమ్‌కు నాంది.

1994 ఏప్రిల్. మన్‌హాటన్‌లో 274 లఫయెట్ స్ట్రీట్. అదే వీధిలో కాస్త పైన చిత్రకారుడు కీత్ హేరింగ్ పెట్టిన పాప్ షాప్ ఉండేది. అంతకుమించి అప్పట్లో అక్కడ సందడేమీ లేదు. జెబియా బట్టలన్నీ గోడల వారగా సర్ది నడిమధ్య నేలంతా ఖాళీగా వదిలేశాడు. అద్దెకు తీసుకున్న స్థలంలో అడుగడుగూ సరుకుతో నింపాలని చూసే వ్యాపారానికి ఇది పూర్తిగా తలకిందుల లెక్క. వచ్చేవాళ్లు బోర్డు దిగకుండానే లోపలికి దొర్లుకుంటూ రావాలన్నది ఆయన ఉద్దేశం. వాళ్లు వచ్చారు. తలుపు తెరిచి పెట్టి పాటలు గట్టిగా మోగించేవాళ్లు, టీవీలో స్కేట్ వీడియోలు తిరుగుతుండేవి. కొనే పని లేకపోయినా గంటలకొద్దీ అక్కడే ఉండేవాళ్లు.

షాపులో పనికి పెట్టుకున్నది కూడా స్కేటర్లనే. వీళ్లకు గిరాకీని బతిమాలడం తెలీదు. చేత్తో తడిమి చూసిన టీ షర్టును మడత చెడగొట్టి వదిలేస్తే మొహం మీదే అనేసేవాళ్లని ఆ రోజుల్లో వెళ్లినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నాకైతే ఇందులో గొప్పతనం కనిపించదు, దుకాణానికి వచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఎక్కడైనా మొరటుతనమే. కానీ దాని ఫలితం మాత్రం విచిత్రంగా వచ్చింది. ఇక్కడ చొరవ దొరకడం ఒక అర్హతగా మారింది. లోపలివాళ్లెవరో, బయటివాళ్లెవరో తేల్చే గుమ్మం అయ్యింది ఆ షాపు.

ఆ కుర్రాళ్లలో కొందరు 1995లో లారీ క్లార్క్ తీసిన ‘కిడ్స్’ సినిమాలో కనిపించారు. హెరాల్డ్ హంటర్, జస్టిన్ పియర్స్ ఇద్దరూ ఆ గుంపులోవాళ్లే. అమెరికాలో పెద్దల్ని హడలగొట్టిన సినిమా అది. దాన్ని చూసిన పై ఊళ్ల పిల్లలకు న్యూయార్క్ స్కేటర్ అంటే వీళ్లే. పియర్స్ 2000లో, హంటర్ 2006లో చిన్న వయసులోనే పోయారు. సుప్రీమ్ పేరు మీద తర్వాత చేరిన డబ్బులో వాళ్లు చూసింది ఏమీ లేదు.

ఇప్పుడు ఎర్ర డబ్బా దగ్గరికొద్దాం. ఎర్రటి దీర్ఘచతురస్రం, లోపల ఫ్యూచురా అనే ఫాంటులో కాస్త వాలిన తెల్లటి అక్షరాలు. చూడగానే గుర్తుపట్టే ఈ లోగో బార్బరా క్రూగర్ అనే చిత్రకారిణి పనితనం నుంచి ఎత్తుకొచ్చింది. క్రూగర్ మొదట పత్రికల్లో పేజీలు దిద్దే డిజైనర్. ప్రకటనలు మనిషి కళ్లను ఎలా లాగుతాయో లోపలి నుంచి చూసిన మనిషి. అదే పద్ధతిని ప్రకటనల మీదికే తిప్పింది. పాత నలుపు తెలుపు ఫొటో తీసుకుని, దాని మీద ఎర్ర పట్టీలో తెల్లటి అక్షరాలతో ఒక కొరడాదెబ్బ లాంటి వాక్యం వేసేది. ‘ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నాను’ అన్న తత్వవేత్త డెకార్ట్ మాటను, కొనడమే మనిషి ఉనికి అయిపోయిందని మెలితిప్పి వెక్కిరించిన 1987 నాటి బొమ్మ వాటిలో పేరుమోసింది. వస్తువుల వ్యామోహాన్ని ఎగతాళి చేయడానికి పుట్టిన అక్షరాలు, ఏడేళ్లు తిరక్కుండానే వస్తువులు అమ్మే బోర్డు మీదికెక్కాయి. దీన్ని దొంగతనమంటారా, నివాళి అంటారా? నేను మొదటిదానివైపే మొగ్గుతాను. కాకపోతే చాలా తెలివైన దొంగతనం.

మొదట అచ్చేసిన టీ షర్టులు మూడే. ఒకదాని మీద ఈ డబ్బా లోగో. ఇంకోదాని మీద ‘టాక్సీ డ్రైవర్’ సినిమాలో రాబర్ట్ డి నీరో. మూడోదాని మీద 1970ల నాటి ఉంగరాల జుట్టు స్కేటర్. ఎవరి బొమ్మ అయినా, ఎవరి గుర్తు అయినా ఊళ్లో కనిపిస్తే మనదే అన్న ధోరణి మొదటి రోజే ఉంది. స్కేట్ కంపెనీలకు అది కొత్త కాదు. పెద్ద కంపెనీల లోగోలను వంకర తిప్పి బోర్డుల మీద వేయడం అప్పటికే వాళ్ల సరదా.

అదే ఏడాది కాల్విన్ క్లైన్ కంపెనీ మోడల్ కేట్ మాస్ ఫొటోలతో నగరమంతా పోస్టర్లు అంటించింది. కుర్రాళ్లు రాత్రిళ్లు తిరిగి ఆ పోస్టర్ల మీద సుప్రీమ్ స్టిక్కర్లు కొట్టారు. పోస్టర్ల ఖర్చు కాల్విన్ క్లైన్‌ది, ప్రచారం సుప్రీమ్‌ది. ఆ కంపెనీ లాయర్లు కళ్లెర్ర చేశారు. పదేళ్లు గడిచాక సుప్రీమ్ ఆ స్టిక్కరు కొట్టిన పోస్టరునే టీ షర్టుగా వేసుకుంది. 2012లో సాక్షాత్తు కేట్ మాసే సుప్రీమ్ టీ షర్టు తొడుక్కుని వాళ్ల పోస్టరుకు నిలబడింది. ముందు అడక్కుండా తీసుకోవడం, తిట్లు తినడం, కాలం గడిచాక వాళ్లే వచ్చి చెయ్యి కలపడం. సుప్రీమ్ కథలో ఈ వరస మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక సరుకు తక్కువ పెట్టడం గురించి. దీన్ని ఇవాళ మార్కెటింగ్ తరగతుల్లో మహా వ్యూహంగా చెబుతున్నారు. మొదట్లో అది వ్యూహం కాదు, భయం. ఎవరికీ అక్కర్లేని చొక్కాలు అటకమీద మిగిలిపోతే చిన్న షాపు మునిగిపోతుంది. అందుకే అమ్ముడవుతుందనుకున్నదాని కన్నా కాస్త తక్కువే కుట్టించేవాడినని జెబియా స్వయంగా చెప్పాడు. కుట్టించినదాన్ని మాత్రం గట్టిగా కుట్టించాడు. వాళ్ల హూడీలు చాలాకాలం కెనడాలో తయారయ్యేవి. బరువైన నూలు, ఏళ్ల తరబడి ఉతికినా సాగని మెడపట్టీ. డబ్బా లోగో గురించి లోకమంతా మాట్లాడింది గానీ, ఆ హూడీలో బట్ట నాసిరకమైతే మూడో ఏడాదికే ఆ షాపు మూతపడేది.

తక్కువ కుట్టించే అలవాటు క్రమంగా పద్ధతిగా స్థిరపడింది. ఏడాదికి రెండు సీజన్లు. సీజను సరుకంతా ఒక్కసారి బయట పెట్టరు. వారం వారం కొద్దికొద్దిగా, గురువారం పొద్దున దింపుతారు. ఏం వస్తుందో ముందు రోజుల్లో పుకార్లు. అయిపోయిందంటే అయిపోయినట్టే, మళ్లీ అచ్చు వెయ్యరు. డబ్బా లోగో టీ షర్టయితే మరీ అరుదు. ప్రకటనలకని పెద్దగా ఖర్చు పెట్టిందీ లేదు. గురువారం షాపు ముందు నిలబడే క్యూ చాలు. దారినపోయే ప్రతివాడూ ఆగి, ఏమిటిదని అడుగుతాడు.

ఆ అలవాటు విలువను అమెరికా కన్నా ముందు పసిగట్టింది జపాన్. న్యూయార్క్ వచ్చిన జపాన్ కుర్రాళ్లు సంచులకొద్దీ కొనుక్కుపోయి టోక్యోలో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. హరజుకు వీధుల్లో అప్పటికే హిరోషి ఫుజివారా, నిగో లాంటివాళ్లు తక్కువ సరుకుతో ఎక్కువ మోజు పుట్టించే దుకాణాలు నడుపుతున్నారు. 1998లో టోక్యోలోని దైకన్యామాలో సుప్రీమ్ షాపు తెరుచుకుంది. ఆ తర్వాత జపాన్‌లోనే ఆరు షాపులయ్యాయి. సొంత దేశంలో రెండో ఊరు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లింది 2004లో గానీ కాదు. ఆ ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ షాపులో నేలకు పైన చెక్కతో పెద్ద గిన్నె ఆకారం కట్టించారు, బట్టల మధ్యే స్కేటింగ్ చేసుకోవడానికి. లండన్ 2011లో, పారిస్ 2016లో వచ్చాయి. ఇరవై ఏళ్ల పైన వ్యాపారం చేసి పదికి అటూఇటూ షాపులు. మన ఊళ్లో ఒక చీరల దుకాణం బాగా నడిస్తే ఐదేళ్లలో అంతకన్నా ఎక్కువ శాఖలు తెరుస్తుంది.

మిగతావాళ్లతో చేతులు కలపడం 1996లో వ్యాన్స్ బూట్లతో మొదలైంది. 2002లో నైకీతో కలిసి చేసిన డంక్ బూట్లు మార్కెట్టును ఊపేశాయి. జోర్డాన్ బూట్ల మీది ఏనుగు చర్మం లాంటి గీతలను తెచ్చి స్కేట్ బూటు మీద వేశారు. బోర్డు చెక్కల మీద జెఫ్ కూన్స్, తకాషీ మురకామి, డేమియన్ హర్స్ట్ లాంటి చిత్రకారుల బొమ్మలు వేయించారు. వాళ్ల చిత్రం ఒకటి కొనాలంటే లక్షల డాలర్లు కావాలి, ఇక్కడ స్కేటరు దాన్ని మెట్ల మీద గీకి అరగదీయొచ్చు. అరగదీసినవాళ్లు తక్కువేననుకోండి. 2019లో సుప్రీమ్ బోర్డుల పూర్తి సేకరణ ఒకటి, 248 చెక్కలు, సోథబీస్ వేలంలో 8 లక్షల డాలర్లకు పోయింది. ఒక్క చక్రం తగిలించని చెక్కలు.

లూయీ విట్టాన్ కథ మరీ ముచ్చటైనది. 2000లో సుప్రీమ్ ఆ ఫ్రెంచి కంపెనీ సంచుల మీది అల్లికను అనుకరిస్తూ బోర్డులు దించింది. రెండు వారాలైనా తిరక్కుండా నోటీసు వచ్చింది, సరుకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2017 జనవరిలో పారిస్ ర్యాంపు మీద అదే లూయీ విట్టాన్, కిమ్ జోన్స్ డిజైన్ చేసిన మగవాళ్ల దుస్తుల ప్రదర్శనలో, ఎర్రటి పెట్టెల మీద తన అల్లిక పక్కనే సుప్రీమ్ పేరును సగర్వంగా అచ్చేసుకుని నడిపించింది. హార్లెంలో డాపర్ డాన్ అనే దర్జీ 1980ల్లో ఇలాంటి అల్లికలతోనే కోట్లు కుట్టి, పెద్ద కంపెనీల లాయర్ల దెబ్బకు 1992లో దుకాణం మూసుకున్నాడు. ఆయనకు పాతికేళ్లు దొరకని మర్యాద ఇది. చేసిన పని ఒకటే, అదృష్టాలే వేరు.

క్యూలు పెరిగే కొద్దీ క్యూలో నిలబడేవాళ్లు మారిపోయారు. కొత్త సినిమా మొదటి ఆట టికెట్లన్నీ లాగేసి గేటు బయట బ్లాకులో అమ్మే మన హాళ్ల దగ్గరి బేరగాళ్లను తలుచుకోండి, ఆ జాతే ఇక్కడా తయారైంది. ముప్ఫై నలభై డాలర్ల టీ షర్టు మూల తిరగ్గానే వందలకు వెళ్లేది. కూలికి మనుషుల్ని పెట్టి క్యూలో నిలబెట్టేవాళ్లు, ఆన్‌లైన్‌లో సెకన్లలో సరుకు లాగేసే ప్రోగ్రాములు రాయించుకునేవాళ్లు పుట్టుకొచ్చారు. 2014 ఏప్రిల్‌లో నైకీ ఫోంపోజిట్ బూట్లు దించిన రోజు లఫయెట్ స్ట్రీట్‌లో జనం ఎంత చేరారంటే పోలీసులు వచ్చి అమ్మకమే ఆపించేశారు. దుకాణం నడుమ బోర్డులకని వదిలిన ఖాళీలో అప్పటికి బేరగాళ్లు నిలబడుతున్నారు.

2016లో సుప్రీమ్ ఒక ఇటుక అమ్మింది. ఎర్ర మట్టి ఇటుక, దాని మీద పేరు. ధర 30 డాలర్లు. ఇంటర్నెట్‌లో దానికి వెయ్యి డాలర్ల దాకా అడిగారు. 2017 ఫిబ్రవరిలో న్యూయార్క్ మెట్రో టికెట్ కార్డు మీద లోగో అచ్చేయించి రెండు ప్రయాణాల ధర అయిన ఐదున్నర డాలర్లకే యంత్రాల్లో పెట్టించింది. స్టేషన్లలో తొక్కిసలాట. 2018 ఆగస్టు 13న న్యూయార్క్ పోస్ట్ దినపత్రిక మొదటి పేజీ నిండా ఆ లోగో తప్ప వార్త లేదు. తెల్లారేసరికి కాపీలన్నీ మాయం. ఇటుకను జోకని సరిపెట్టుకోవచ్చు. మొదటి పేజీలో వార్త తీసేసి లోగో వేసుకున్న పత్రికను ఏమనాలో నాకు తోచడం లేదు.

పేరు ఇంత పెరిగాక దాని మీద ఇతరుల కన్ను పడకుండా ఉంటుందా? ఇటలీలో ఒక సంస్థ అసలు కంపెనీ కన్నా ముందే ఆ పేరును అక్కడ రిజిస్టరు చేయించుకుని ‘సుప్రీమ్ ఇటాలియా’ అంటూ అదే ఎర్ర డబ్బాతో అమ్మకాలు మొదలెట్టింది. ట్రేడ్‌మార్కు ఏ దేశానికాదేశం విడివిడిగా తీసుకోవాల్సిన హక్కు. ఆ సందులోంచి దూరింది. 2018 డిసెంబరులో చైనాలోని శాంసంగ్ విభాగం వేదికెక్కి సుప్రీమ్‌తో పొత్తు అని ప్రకటించింది. తీరా చూస్తే అది ఈ ఇటలీ వాళ్లతో. నవ్వులపాలై రెండు నెలలకు విరమించుకుంది. చివరికి 2021లో లండన్ కోర్టు ఆ సంస్థ నడిపిన మికేలే డి పియెర్రోకు ఎనిమిదేళ్లు, అతని కొడుక్కి మూడేళ్లు శిక్ష వేసింది.

ఇంత పెద్ద వ్యవహారం అవసరం లేని నకిలీలు మనకూ తెలుసు. హైదరాబాద్ కోఠిలో, విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబళ్ల మీద ఎర్ర డబ్బా టీ షర్టు కొన్నవాళ్లలో ఎక్కువమందికి న్యూయార్క్ షాపు సంగతి తెలియదు. మెగాస్టార్ కాకముందు చిరంజీవిని సుప్రీం హీరో అనేవాళ్లు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఆ చొక్కా చూసి ఇంకేదో అనుకున్నా ఆశ్చర్యం లేదు.

వేరేవాళ్ల గుర్తులతో ఆడుకుని పెరిగిన సుప్రీమ్, తన గుర్తుతో ఎవరైనా ఆడుకుంటే మాత్రం ఊరుకోలేదు. లియా మెక్‌స్వీనీ అనే ఆమె మ్యారీడ్ టు ద మాబ్ పేరుతో ఆడవాళ్ల స్ట్రీట్‌వేర్ నడిపేది. ఆ లోగోలోనే పేరు పక్కన ఒక తిట్టు చేర్చి 2004 నుంచి టీ షర్టులు వేసేది. మగపిల్లల గుంపును ఎద్దేవా చేయడం ఆమె ఉద్దేశం. మొదట్లో జెబియా సరేనన్నాడు, అవి ఆయన యూనియన్ షాపులోనే అమ్ముడయ్యాయి. 2013లో ఆమె దాన్ని ట్రేడ్‌మార్కు చేయించుకోబోతే కోటి డాలర్ల దావా వేశాడు. తర్వాత రాజీ కుదిరింది. ఈ గొడవ మీద మీరేమంటారని విలేఖరులు బార్బరా క్రూగర్‌ను అడిగారు. అందరినీ కలిపి చెడామడా కడిగేస్తూ, ఇలాంటి వెర్రి ప్రహసనాల మీదే నేను బొమ్మలు వేస్తుంటానని, వీళ్లంతా కలిసి నా మీదే కాపీరైటు కేసు వేస్తారేమో చూస్తున్నానని ఆమె జవాబు రాసి పంపింది. ఆమె మాత్రం ఎవరి మీదా దావా వేయలేదు.

2017లో న్యూయార్క్‌లో పెర్ఫార్మా కళోత్సవంలో ఆమె ఇచ్చిన సమాధానం ఇంకా బాగుంటుంది. మన్‌హాటన్ వంతెన కిందున్న స్కేట్ పార్కు నేలంతా, ర్యాంపులంతా తన ఎర్ర పట్టీల తెల్లక్షరాలతో నింపేసింది. ఒక తాత్కాలిక దుకాణం తెరిచి, జనాన్ని క్యూలో నిలబెట్టి, స్కేట్‌బోర్డులూ హూడీలూ అమ్మింది. సుప్రీమ్ కార్డు వచ్చిన ఏడాదే మెట్రో కార్డుల మీద తన వాక్యాలూ అచ్చేయించింది.

డబ్బు కథ గబగబా చెప్పేస్తాను. 2017లో కార్లైల్ అనే పెట్టుబడి సంస్థ సుప్రీమ్‌లో దాదాపు సగం వాటా 50 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఇదే సంస్థకు ఆయుధాల కంపెనీల్లో పెట్టుబడులుండేవని పాత స్కేటర్లు గొణిగారు. 2018లో అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల మండలి జెబియాకు ఆ ఏటి మగవాళ్ల దుస్తుల డిజైనర్ అవార్డు ఇచ్చింది. తనను తాను డిజైనర్‌నని ఎప్పుడూ చెప్పుకోని మనిషికి. 2020 చివర వ్యాన్స్, నార్త్ ఫేస్, టింబర్‌ల్యాండ్ బ్రాండ్లున్న వీఎఫ్ కార్పొరేషన్ మొత్తం కంపెనీని 210 కోట్ల డాలర్లకు కొనేసింది. షేర్ల మార్కెట్టులో ఉన్న కంపెనీకి మూడు నెలలకోసారి అమ్మకాలు పెరిగి తీరాలి. తక్కువ అమ్మడమే ప్రాణమైన షాపును ఎక్కువ అమ్మమంటే ఏమవుతుంది? షాపుల సంఖ్య 12 నుంచి 17కు చేరింది. మిలాన్, బెర్లిన్, షికాగో, సోల్, షాంఘై. అమ్మకాలు మాత్రం 2022 ఆర్థిక సంవత్సరంలో 56 కోట్ల డాలర్లుంటే మరుసటి ఏడు 52 కోట్లకు తగ్గాయి. గురువారం దించిన సరుకు శుక్రవారానికీ మిగలడం మొదలైంది. 2024లో వీఎఫ్ దాన్ని 150 కోట్లకే వదిలించుకుంది. కొన్నది రే-బాన్, ఓక్లీ కళ్లజోళ్ల యజమాని ఎసిలార్‌లగ్జోటికా. ఒక కళ్లజోళ్ల కంపెనీకి సుప్రీమ్ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇంత వ్యాపారంలోనూ సుప్రీమ్ స్కేటింగును వదిలిపెట్టలేదు. విలియం స్ట్రోబెక్ 2014లో వాళ్లకోసం తీసిన ‘చెర్రీ’ వీడియో ఒక కొత్త తరాన్ని బోర్డెక్కించింది. అందులో బ్రాంక్స్ నుంచి వచ్చిన పదిహేనేళ్ల కుర్రాడు టైషాన్ జోన్స్ ఉన్నాడు. అతను 2018లో, మళ్లీ 2022లో థ్రాషర్ పత్రిక ఇచ్చే ఉత్తమ స్కేటర్ బిరుదు గెలిచాడు. న్యూయార్క్ సబ్‌వేలో ఒక ప్లాట్‌ఫారం నుంచి పట్టాల మీదుగా ఎగిరి, గాల్లో బోర్డును తిప్పి, అవతలి ప్లాట్‌ఫారం మీద దిగాడు. సుప్రీమ్ అంటే ఇవాళ్టి పిల్లలకు గుర్తొచ్చే మొహం అతనిది. చివరికి అతనితోనూ చెడింది. 2025 ఏప్రిల్‌లో టైషాన్ జోన్స్ తన కాంట్రాక్టును అన్యాయంగా రద్దు చేశారంటూ సుప్రీమ్ మీద 2.6 కోట్ల డాలర్లకు దావా వేశాడు. అతని ఫిర్యాదు ప్రకారం కంపెనీ చూపిన కారణం, అతను వేరే బ్రాండు బట్టల్లో కనిపించడం.